దేశము వెలివేసిన గాయని – మిరియం మకేబా

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక జీవితచరిత్రము వ్రాసి యిమ్మని కార్యదర్శిగారు నన్ను కోరిరి. మహనీయుల చరిత్రలకు మన బీరువాలలో కొదువలేదు. వానినే మరల వ్రాయుట చర్వితచర్వణ మగును. ఏమి వ్రాయుదునా యని యోచించుచుండగా గత మాఘమాసమున మన యూర జరిగిన యొక పెండ్లి జ్ఞప్తికి వచ్చినది. డీజే యని యిప్పుడు పిలుచుచున్న పెట్టెలబండిపై ఆనాడు మ్రోగిన పాటలలో పరదేశపు పాట యొకటి యుండెను. అందు 'పాటా పాటా' యను మాట మాటిమాటికి వచ్చుచుండగా పిల్లలు అది తెలుగే యనుకొని నవ్వుచు గంతులు వేసిరి. అది తెలుగు కాదు. దక్షిణాఫ్రికాలోని ఖోసా భాష. ఆ మాటకు తాకుము, తాకుము అని యర్థము. పాడినది మిరియం మకేబా. ఆ పాటకును ఆమె బ్రతుకునకును నడుమనున్న దూరమును మన పిల్లలకు చెప్పవలెనని తోచినది.

మకేబా 1932వ సంవత్సరము మార్చి 4వ తేదీన జొహానెస్‌బర్గు నగరపు శివారునందలి నల్లవారి పేటలో జన్మించెను. తండ్రి కాస్వెల్ ఖోసా జాతివాడు, ఉపాధ్యాయుడు. తల్లి క్రిస్టీనా స్వాజీ జాతి స్త్రీ. ఆమె తెల్లవారి యిండ్లలో పనిచేయుచుండెను. మూలికలతోను దైవావేశముతోను వైద్యము చేయు విద్యయు ఆమెకు కలదు. ఇక మీదట బిడ్డను కన్నచో ప్రాణాపాయమని ఆమెకు ముందే హెచ్చరిక చేసియుండిరట. ప్రసవము కష్టమైనది. అమ్మమ్మ బాలింత చెంత కూర్చుండి, చేజేతుల చేసికొంటివి గదా యను అర్థమిచ్చు తమ భాషలోని మాటను పదేపదే గొణుగుచుండెడిది. ఆ మాటనుండియే బిడ్డకు జెంజీలే యను పేరు వచ్చినది.

బిడ్డకు పదునెనిమిది దినములు నిండునప్పటికి పోలీసువారు వచ్చి తల్లిని పట్టుకొనిపోయిరి. ఆమె చేసిన నేరమేమనగా, జొన్నలను మొక్కజొన్నలను పులియబెట్టి కాచిన సారాయమును నాలుగు డబ్బులకై అమ్ముకొనుట. నల్లవారు సారాయము కాచరాదని చట్టము. జరిమానా కట్టుటకు ఇంట సొమ్ము లేదు. కావున ఆరునెలలు చెర. చంటిబిడ్డయు తల్లితోడనే చెరసాలకు పోయినది. చెరసాలలో కన్నుదెరచిన బాలుని కథను మనము భాగవతమున భక్తితో చదువుదుము. అచ్చట తలుపులు తమంతట తాము తెరచుకొన్నవి. ఇచ్చట ఆరునెలలును నిండవలసివచ్చినది.

ఆ దేశపు పరిస్థితిని కొంత చెప్పక కథ ముందుకు సాగదు. జనములో నల్లవారు మూడింట రెండువంతులకు పైబడి యుండిరి. 1913వ సంవత్సరపు భూమి చట్టము దేశములోని భూమిలో నూటికి ఇంచుమించు ఏడు వంతులు మాత్రము వారికి విడిచెను; తరువాత 1936లో ఆ వంతు పదుమూడు వరకు పెంచుటకు ఇంకొక చట్టము వచ్చినది. ఊరి పద్దులు వ్రాసికొని తల నెరసినవాడను గనుక ఈ యంకె కంటబడినప్పుడు అచ్చుతప్పేమోయని రెండుమార్లు చూచుకొంటిని. తప్పు కాదు. బంగారుగనులలో దిగువాడు నల్లవాడు. గని మాత్రము అతనిది కాదు. 1948లో అధికారమునకు వచ్చిన పక్షము ఈ వేర్పాటును సంపూర్ణమైన శాస్త్రముగా తీర్చెను. వారి భాషలో దానిని అపార్థీడ్ అందురు. ఏ రంగువాడు ఏ వీధిలో కాపురముండవలెను, ఏ బల్లపై కూర్చుండవలెను, ఎవరిని పెండ్లాడవలెను అనునదెల్ల చట్టమే చెప్పెను. పదునారేండ్లు నిండిన నల్లవాడు ఛాయాచిత్రముగల ఒక పుస్తకమును ఎల్లప్పుడు జేబులో నుంచుకొనవలెను. యజమాని నెలనెల దానిలో సంతకము చేయవలెను. పుస్తకము ఇంట మరచి వీధిలోనికి వచ్చినవాడు ఆ రాత్రి ఠాణాలో నుండవలసినదే. ఆ పుస్తకమును స్త్రీలకును తగిలింపబోగా 1956వ సంవత్సరము ఆగస్టు 9వ తేదీన ఇరువదివేలమంది స్త్రీలు ప్రిటోరియాలోని ప్రభుత్వ భవనమునకు నడచిపోయి నిలిచిరి.

ఈ కాగితముల బాధ మనవారికిని తెలియనిది కాదు. 1860 మొదలుకొని మదరాసు రేవునుండి ఓడలలో నేటాలు చెరకుతోటలకు పోయిన కూలీలలో తెలుగువారు వేలకొలది యుండిరి. అట్టి రిజిస్ట్రేషను పత్రములనే గాంధీగారు 1908లో జొహానెస్‌బర్గునందు కుప్పవేయించి తగులబెట్టించిరి.

ఇక బాలిక కథ. ఆరేండ్ల ప్రాయమున తండ్రి పోయెను. తల్లి పరుల యిండ్లలో చాకిరి చేయుచుండగా పిల్ల అమ్మమ్మ యింట పెరిగెను. ప్రిటోరియాలోని మిషను పాఠశాలలో ఎనిమిదేండ్లు చదివి, అచ్చటి బృందగానములో పాడుట నేర్చెను. పిమ్మట తానును తెల్లవారి బిడ్డల నాడించు పనికి కుదిరెను. 1949లో పెండ్లి, మరుసటి యేట కూతురు బోంగీ. భర్త కొట్టెడివాడు, కొన్నాళ్లకు విడిచిపోయెను. ఇరువదియేండ్లు నిండకముందే ఇంతయు గడచినది.

జొహానెస్‌బర్గులో సోఫియాటౌను అని యొక పేట యుండెను. ఇరుకు సందులు, రేకు కప్పులు, అయినను సంగీతమునకు అది పుట్టినిల్లు. 1953 ప్రాంతమున మన్హటన్ బ్రదర్స్ అను గాయకబృందము మకేబాను తమతో చేర్చుకొనెను. నలుగురు మగవారి నడుమ ఒక్క ఆడుది. తరువాత స్త్రీలే గల స్కైలార్క్స్ బృందముతోను పాడెను. గ్రామఫోను రికార్డులు వేలకొలది అమ్ముడుపోయెను గాని గాయకులకు పాటకింతయని కూలియే తప్ప అమ్మకముపై పైసయైన హక్కు లేదు. కచేరీ ముగిసి తిరిగివచ్చునప్పుడు దారిలో పోలీసులు బండి నాపి పుస్తకము లడుగుదురు. 1955లో ప్రభుత్వము సోఫియాటౌను జనమును లారీలకెక్కించి ఊరికి దూరముగా దింపి ఇండ్లు నేలమట్టము చేయనారంభించెను. పేట పోయినది; అచ్చటి పాటలు ఈమె కంఠమున మిగిలినవి.

లయొనెల్ రోగోసిన్ అను అమెరికా వాడొకడు ఆ దినములలో అచ్చటికి వచ్చి, సంగీతపు చిత్రము తీయుచుంటినని ప్రభుత్వమును నమ్మించి నల్లవారి దురవస్థను రహస్యముగా చిత్రించెను. అందు మకేబా నాలుగు నిమిషములకంటె ఎక్కువ కనబడదు. రెండు పాటలు పాడును, అంతే. ఆ నాలుగు నిమిషములే ఆమె గతిని మార్చినవి. 1959లో ఆ చిత్రము ఇటలీదేశపు వెనిస్ నగరమున ప్రదర్శింపబడగా ఆమెను పిలిపించిరి. ఆ యేడే ఆమె 'కింగ్ కాంగ్' అను సంగీతనాటకమున నాయిక పాత్ర ధరించి స్వదేశమున కీర్తి గడించియుండెను. కూతును తల్లికప్పగించి ఓడకట్టక విమానమెక్కి పోయినది. కొన్నినెలలలో మరలివత్తునని చెప్పియే పోయియుండును. మరలివచ్చుటకు ముప్పదియొక్క యేండ్లు పట్టినది.

లండనులో హ్యారీ బెలఫాంటే పరిచయమయ్యెను. అమెరికాలో పేరుమోసిన నల్లజాతి గాయకుడు, ఉదారుడు. ఆయనయే ఆమెను న్యూయార్కునకు చేర్చి, ఎవరితో నెట్లు మాటలాడవలెనో, ఏ రంగమున నెట్లు నిలువవలెనో అన్నగారివలె నేర్పెను. 1959 నవంబరులో ఆమె టెలివిజనులో పాడగా అమెరికావారు ఆ కంఠము విని విస్తుపోయిరి. ఆమె జుట్టును సాపుచేసికొనక, ముఖమునకు రంగు పులుముకొనక, పుట్టిన రూపమునందే రంగస్థలమున నిలుచుట అచ్చటి నల్లజాతి స్త్రీలకు వింతయు ధైర్యమును కలిగించినది.

ఖోసా భాషలో మన వర్ణమాల కందని ధ్వనులు కలవు. ఎద్దును అదలించునప్పుడు నాలుకను అంగిటికి కొట్టి మనము చేయు చప్పుడు, అయ్యో పాపమని జాలిపడునప్పుడు పండ్లసందున చేయు చప్పుడు — ఇట్టివి వారికి హల్లులు. మన వ్యాకరణవేత్తలు చెప్పిన కంఠతాల్వాది స్థానములలో వీనికి చోటు దొరకదు. ఖోసావారు పెండ్లిలో పాడుకొను పాటయొకటి యిట్టి హల్లులతో నిండియున్నది. దాని పేరు పలుకలేని తెల్లవారు దానికి 'క్లిక్ సాంగ్' అని పేరు పెట్టిరి. ఆ చప్పుడు ఎట్లు చేయుదువని అందరును అడుగుచుండ, అది చప్పుడు కాదు, తన భాష యని ఆమె సభలలో సవరించుచుండెడిది. తెలుగు చదువుకొన్నవారికి ఆ సవరింపులోని నొప్పి వేరుగా చెప్పనక్కరలేదు.

1960వ సంవత్సరము మార్చి 21వ తేదీన షార్ప్‌విల్ అను పేటలో, పుస్తకములు లేకయే వచ్చితిమి, పట్టుకొనుడని ఠాణా యెదుట గుమిగూడిన జనముపై పోలీసులు కాల్పులు జరుపగా 69 మంది చనిపోయిరి. పెక్కుమందికి తూటాలు వీపున తగిలినవి. ఆ వార్త విన్న కొలదికాలమునకే మకేబాకు తల్లి మరణవార్త వచ్చినది. చెరసాలలో తన్ను ఒడిని పెట్టుకొని ఆరునెలలు గడపిన తల్లి. కడసారి చూపునకు పోవలెనని ఆమె తమ దేశపు కార్యాలయమునకు పోయి పాస్‌పోర్టు చూపెను. ఆ గుమాస్తా దానిని తీసికొని రద్దయినదని ముద్రవేసి తిరిగి యిచ్చెను.

ఊరు పొమ్మనుచున్నది, కాడు రమ్మనుచున్నది యని మనవారొక సామెత చెప్పుదురు. మకేబా విషయమున ఊరును పొమ్మన్నది. తల్లిని పూడ్చిన కాడును రావలదన్నది. నేను నా వృత్తిలో ముద్రలు చాల చూచితిని. ముద్ర వేసినవానికి అది ఒక క్షణపు పని. ఆమె అంతవరకు రాజకీయము లెరుగదు. పాటలు పాడుకొని పొట్టపోసికొనుచుండెను. వెలివేసిన ప్రభుత్వమే ఆమెను పోరాటములోనికి నెట్టినదని నా తాత్పర్యము. తొమ్మిదేండ్ల బోంగీని ఆ వేసవిలో అమెరికాకు పిలిపించుకొనెను. తల్లీకూతుండ్రు ఒకచోట చేరిరి. దేశము మాత్రము దూరమైనది.

ఐక్యరాజ్యసమితి 1963లో దక్షిణాఫ్రికా వర్ణవివక్షపై విచారించుటకు ప్రత్యేక సంఘమొకటి నియమించెను. ఈ విషయమును సమితి ముందుకు మొట్టమొదట తెచ్చినది మన దేశమేయని పాఠకులు గుర్తుంచుకొనవలెను. 1946లోనే మనము ఆ దేశముతో వర్తకము తెంచుకొంటిమి. చాలకాలము మన పాస్‌పోర్టులలో దక్షిణాఫ్రికాకు చెల్లదని అచ్చువేయబడి యుండెడిది. ఆ సంఘమునకు అధ్యక్షుడు పశ్చిమాఫ్రికాలోని గినీ దేశపు రాయబారి డియాల్లో టెల్లి. కార్యదర్శి తెలుగువాడు — నెల్లూరు సీమలో 1924లో పుట్టి, చదువుకై అమెరికా పోయి సమితి కొలువున చేరిన ఏనుగ శ్రీనివాసులు రెడ్డిగారు. వర్ణవివక్ష కూలువరకు ఆయన దానిని విడువలేదు. 2020లో పరమపదించిరి. మన జిల్లాల బడిపుస్తకములలో ఆయన పేరు కనబడకుండుట విచారకరము.

ఆ సంఘము ఎదుట 1963వ సంవత్సరము జులై 16వ తేదీన మకేబా సాక్ష్యమిచ్చెను. అప్పటికి నెల్సన్ మండేలా చెరలోనే యున్నాడు. ఆయన సహచరులు సరిగా ఐదు దినములకు ముందు పట్టుబడియున్నారు. ఆమె పాటకత్తెగా పోలేదు. తన దేశము మొత్తము చెరసాలగా మారినదని చెప్పి, చెరలోనున్న నాయకులను విడిపింపుడని వేడుకొని, దక్షిణాఫ్రికాకు ఆయుధము లమ్మవలదని, అవి నల్లజాతి ఆడువారిపైనను పిల్లలపైనను ప్రయోగింపబడునని విన్నవించెను. మరుసటి నెలలోనే భద్రతాసమితి ఆయుధముల అమ్మకము మానుడని దేశములను కోరెను. కోరిక ఆజ్ఞగా మారుటకు మాత్రము 1977 వరకు, పదునాలుగేండ్లు పట్టినది. ఆమెకు ప్రతిఫలము అంతకంటె వేగముగా ముట్టినది. ప్రభుత్వము ఆమె పౌరసత్వమును తీసివేసి ఆమె రికార్డులను నిషేధించెను. స్వదేశమున ఆమె పాట వినుట నేరమయ్యెను.

కాగితము పోయినచోట కాగితములు వచ్చినవి. గినీ, ఘానా, అల్జీరియా మున్నగు ప్రభుత్వములు ఒకటి వెంట నొకటి పాస్‌పోర్టు లిచ్చెను. తుదకు తొమ్మిది దేశముల పాస్‌పోర్టులు ఆమె చేతనుండెను. కన్నదేశపుది మాత్రము లేదు. ఆఫ్రికా ఖండమున స్వతంత్రమగుచున్న దేశములు తమ పండుగలకు ఆమెను పిలుచుట ఆచారమైనది. 1963లో అడిస్ అబాబానందు ఆఫ్రికా ఐక్యతా సంస్థ ఏర్పడిననాడును ఆమె పాడెను.

ఇచ్చట ఒక పాట సంగతి చెప్పవలెను. పోర్ట్ ఎలిజబెత్తు రేవునందు వూయిసిలే మిని అను కార్మికనాయకు డుండెను. గంభీరమైన మంద్రస్వరము గలవాడు. అప్పటి ప్రధానమంత్రి వెర్వోర్డును జాగ్రత్త సుమా యని హెచ్చరించు పాట నొకదానిని కట్టెను. వినుటకు హుషారుగా నుండును. అర్థము తెలిసినచో వెన్ను జలదరించును. 1964వ సంవత్సరము నవంబరు 6వ తేదీన ప్రభుత్వము అతనిని ప్రిటోరియాలో ఉరితీసెను. పాడుకొనుచునే ఉరికంబమెక్కెనని చెప్పుదురు. మరుసటి యేట మకేబా బెలఫాంటేతో కలసి వెలువరించిన రికార్డులో ఆ పాట కలదు. అమెరికా సంగీతవేత్తలు ఆ రికార్డునకే 1966లో గ్రామీ బహుమాన మిచ్చిరి. ఆ బహుమానము పొందిన ఆఫ్రికా స్త్రీలలో ఈమె మొదటిదందురు. ఉరితీసినవారు ఆ పాట ఉరితాటితోనే ముగిసినదనుకొనియుందురు. రామదాసును చెరలో వేసిన నవాబులు ఆయన కీర్తనలను చెరలో వేయలేకపోయిన సంగతి మనకు తెలిసినదే గదా.

ఇంతచేసియు లోకము ఆమెను గుర్తించినది వేరొక పాటతో. 1967లో 'పాటా పాటా' అమెరికాలో వెలువడి జనాదరణలో పండ్రెండవ స్థానము వరకు ఎక్కెను. అదియొక నాట్యపు పేరు. ఆడువారు పాడుచు ఒకరినొకరు తాకుచు గంతులు వేయుట. అంతకుమించి అర్థము లేదు. తన పాటలన్నింటిలో తక్కువ విలువగల దానికే ఇంత పేరు వచ్చినదని ఆమె నొచ్చుకొనుచుండెడిది. నేనామెతో ఏకీభవింపను. ఆ పాట వినుటకై సభకు వచ్చినవారే మిని పాటయు విని పోయిరి. మన హరికథకులు పిట్టకథ చెప్పి జనమును కూర్చుండబెట్టి పిదప అసలు కథ చెప్పరా?

ఆమె సంసారజీవితము నిలుకడ లేనిది. ఐదుమార్లు వివాహమాడెను. తన దేశపు బాకావాద్యకారుడు హ్యూ మసకేలాతో పెండ్లి రెండేండ్లకంటె నిలువలేదు, స్నేహము మాత్రము కడవరకు నిలిచినది. 1968లో ఆమె స్టోక్లీ కార్మైకేలును పెండ్లాడెను. అతడు అమెరికా నల్లవారి హక్కులకై తీవ్రమైన మార్గమున పోరాడుచున్న యువనాయకుడు. దక్షిణాఫ్రికాను నిందించినంతకాలము చప్పట్లు కొట్టిన అమెరికాలోనే ఇప్పుడు కచేరీ లొక్కొక్కటిగా రద్దయినవి. గూఢచారులు వెంట తిరుగసాగిరి. పరుల యింటి దోషమును పాడినప్పుడు వినుట సులభము. భార్యాభర్తలు గినీ రాజధాని కోనాక్రీకి పోయి అచ్చట ఇల్లు కట్టుకొనిరి. ఐదారేండ్లలో ఆ దాంపత్యమును విడిపోయినది. ఆమె మాత్రము గినీలో ఇంచుమించు పదునైదేండ్లుండెను.

గినీ అధ్యక్షుడు సేకూ టూరే ఆమెకు ఆశ్రయమిచ్చి, గౌరవించి, 1975లో ఐక్యరాజ్యసమితికి తన దేశపు ప్రతినిధిగా పంపెను. వెనుక సాక్షిగా పోయిన సమితికి ఇప్పుడు ప్రతినిధిగా పోయి మరల అదే మొర వినిపించెను. జమపద్దు ఇంతవరకు. ఖర్చుపద్దును దాచిన లెక్క లెక్క కాదు. ఆ టూరేయే తన్ను కాదన్నవారిని వేలకొలదిగా కోనాక్రీలోని బొయిరో శిబిరమున బంధించెను. వారిలో పెక్కుమంది మరల వెలుగు చూడలేదు. 1963లో మకేబా సాక్ష్యమును అధ్యక్షపీఠమునుండి ఆలకించిన డియాల్లో టెల్లి జ్ఞప్తియందున్నాడు గదా. ఆయన తరువాత ఆఫ్రికా ఐక్యతా సంస్థకు మొదటి ప్రధాన కార్యదర్శియు నయ్యెను. 1976లో టూరే ఆయనను పట్టించి ఆ శిబిరములో వేయించెను. 1977లో అన్నపానములు లేక ఆయన అచ్చటనే ప్రాణము విడిచెను. ఆ యూరనే మకేబా గౌరవనీయురాలైన అతిథిగా నుండెను. టూరేపట్ల ఆమె కృతజ్ఞత మాత్రము చెడలేదు. ఇందులకు ఆమెను తప్పుపట్టినవారు కలరు. వారు పట్టిన తప్పు తప్పేనని నేననలేను. నీడయిచ్చినవాని మీద నోరెత్తుట ఎంత కష్టమో, ఉప్పుతిన్న యింటి దోషము చెప్పుట మహాభారతములో భీష్మద్రోణులకే ఎంత దుర్ఘటమైనదో తలచుకొని నేను కలము నాపుచున్నాను. క్షమించితిననుట మాత్రము కాదు.

1976వ సంవత్సరము జూన్ 16వ తేదీన సొవెటో పేటలోని బడిపిల్లలు, తమకు పాలకుల ఆఫ్రికాన్స్ భాషలో పాఠములు చెప్పవలదని ఊరేగింపు తీసిరి. వారిపైనను పోలీసులు తుపాకులు కాల్చిరి. మసకేలా దానిపై పాట కట్టగా మకేబా పాడెను. 'సొవెటో బ్లూస్' అని దాని పేరు. 'పాటా పాటా' పాడిన కంఠమేనా యిది యని తోచును. మన గ్రంథాలయమునకు వచ్చు పిల్లలు సెల్‌ఫోనులో ఒకదాని వెంట ఒకటి విని చూడవచ్చును.

1985లో బోంగీ ప్రసవసంబంధమైన వ్యాధితో ముప్పదియైదవ యేట చనిపోయెను. ఆమెయు గాయని, పాటలు కట్టగలది. తల్లి పాడిన పాటలలో కొన్ని కూతురు కట్టినవే. ఇద్దరు మనుమలు మిగిలిరి. తల్లిని పూడ్చుటకు పోలేకపోయిన స్త్రీ కూతును పరదేశపు మట్టిలో పూడ్చి, మనుమలను వెంటబెట్టుకొని బెల్జియము దేశమునకు పోయెను. 1987లో అమెరికా గాయకుడు పాల్ సైమనుతో కలసి దేశములు తిరిగి పాడి మరల లోకమునకు కనబడెను. మరుసటి యేట, 1988లో, చెరలోనున్న మండేలా డెబ్బదవ జన్మదినమునకు లండనులో జరిగిన మహాసభలోను పాడెను.

1990 ఫిబ్రవరి 11వ తేదీన మండేలా విడుదలయ్యెను. ఆయన కోరికపై ఆ యేడు జూన్ 10వ తేదీన మకేబా జొహానెస్‌బర్గునందు విమానము దిగెను. పోయినప్పుడు ఇరువదియేడేండ్ల యువతి. వచ్చినప్పుడు యేబదియెనిమిదేండ్ల అమ్మమ్మ. తన దేశములోనికి వచ్చుటకు ఆమె చూపిన కాగితము ఫ్రాన్సు దేశపుది. 1994లో నల్లవారు మొదటిసారి ఓటు వేసిరి. తరువాతి కాలమున ఆమె దిక్కులేని ఆడపిల్లల కొరకు ఒక గృహము స్థాపించెను. 1999లో ఐక్యరాజ్యసమితి ఆహారవ్యవసాయసంస్థకు సౌహార్ద రాయబారిగా నియమింపబడెను. 2005లో వీడ్కోలు యాత్రయని చెప్పి దేశదేశములు తిరిగి పాడెను గాని ఆ వీడ్కోలు ముగియలేదు. పిలిచినచోట కెల్ల పోవుచునే యుండెను. మోకాళ్లనొప్పులున్నను రంగమెక్కినచో ఆడకుండ నుండలేకపోయెడిది.

2008 సెప్టెంబరు 18వ తేదీన ఇటలీ దక్షిణభాగమున కాస్టెల్ వొల్టూర్నో అను ఊర ఆరుగురు ఆఫ్రికా వలసకూలీలను కమోరా యను నేరగాండ్ర ముఠావారు కాల్చిచంపిరి. ఆ ముఠా రహస్యములను గ్రంథముగా వ్రాసిన సవియానో అను యువరచయితను చంపుదుమని వారు బెదిరించుచుండగా, అతనికి అండగా ఆ యూరనే నవంబరు 9వ తేదీన సభ జరిపిరి. మకేబా వయస్సప్పటికి డెబ్బదియారు. ఒంట్లో బాగులేదు. అయినను పోయెను. చలిరాత్రి, ఆరుబయట వేదిక. పాడవలసినవి పాడి, కడపట జనము కోరిన 'పాటా పాటా' పాడి వేదిక దిగుచు కూలిపోయెను. గుండె ఆగినది. ఆ రాత్రియే ప్రాణము విడిచెను. దేహమును జొహానెస్‌బర్గునకు చేర్చిరి.

ఆమె తన కథను తానే చెప్పగా జేమ్స్ హాల్ అను నతడు కూర్చిన ఆంగ్లగ్రంథము 1988లో వెలువడినది. అది మన గ్రంథాలయమున లేదు. వచ్చు సంవత్సరపు కొనుగోలు జాబితాలో చేర్పుమని కార్యదర్శిగారికి చీటి వ్రాసియిచ్చితిని. ఆంగ్లము రానివారు సాయంకాలము ఆరుగంటల పిమ్మట వత్తురేని, నాకు తెలిసినంతవరకు చదివి చెప్పుదును.